ఎ వెరీ లాంగ్ ఎంగేజ్‌మెంట్: చూసేముందు, చూశాక అందరూ అడిగే ప్రశ్నలు

ఈ సినిమా చూడమని నేను చెప్పిన ప్రతివాళ్ళూ సగంలో ఆపి ఒకసారి, అయిపోయాక ఇంకోసారి ఫోన్ చేశారు. అడిగినవి ఇంచుమించు ఇవే ప్రశ్నలు. ప్రతిసారీ మొదట్నుంచి చెప్పే ఓపిక లేక అన్నీ ఒకచోట రాసిపెట్టాను. మొదటి భాగంలో కథ ముగింపు బయటపెట్టలేదు. రెండో భాగం మాత్రం సినిమా చూసినవాళ్ళకే. మధ్యలో గీత గీశాను, దాటకండి.

ఇంతకీ ఏ సినిమా ఇది?

2004 అక్టోబరులో ఫ్రాన్స్‌లో విడుదలైన ఫ్రెంచ్ సినిమా. దర్శకుడు జాన్ పియేర్ జునే. పేరు చెబితే గుర్తుపట్టకపోయినా, ఆకుపచ్చ గోడల ఇంట్లో కత్తిరించిన నల్లజుట్టుతో నవ్వే 'అమేలీ' పోస్టర్ చాలామంది చూసే ఉంటారు. ఆ సినిమా తీసింది ఈయనే, అందులో హీరోయిన్ ఓద్రే తోతూనే ఇందులోనూ హీరోయిన్. సెబాస్టియన్ జాప్రిసో 1991లో రాసిన నవల దీనికి ఆధారం. నిడివి రెండుంపావు గంటలకు కాస్త తక్కువ.

జాప్రిసో ఫ్రాన్స్‌లో పేరుమోసిన క్రైమ్ రచయిత. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, ముందు ముందు పనికొస్తుంది.

ముగింపు చెప్పకుండా కథ చెప్పండి.

1917 జనవరి, ఉత్తర ఫ్రాన్స్‌లోని సోమ్ యుద్ధరంగం. ఐదుగురు ఫ్రెంచ్ సైనికులను చేతులు కట్టేసి బురద కందకాల గుండా నడిపించుకెళ్తుంటారు. యుద్ధం తప్పించుకోవడానికి తమ చేతికి తామే గాయం చేసుకున్నారన్నది వాళ్ళ మీద నేరం. కోర్టు మార్షల్ మరణశిక్ష వేసింది. కానీ తూటా ఖర్చుచేసి కాల్చరు. ఫ్రెంచ్ కందకానికీ జర్మన్ కందకానికీ మధ్య ఎవరిదీ కాని నేల ఉంటుంది కదా, ముళ్ళకంచె దాటించి అక్కడికి తోసేస్తారు. ఎవరు చంపినా సరే అన్నట్టు.

ఆ ఐదుగురిలో చిన్నవాడు మనెక్. ఇంకా ఇరవై నిండలేదు. బ్రిటనీ సముద్రతీరంలో లైట్‌హౌస్ కాపలాదారు కొడుకు. అతని కోసం ఎదురుచూస్తున్న పిల్ల మతిల్డ్. చిన్నప్పుడే తల్లిదండ్రులు పోయారు, పోలియో వల్ల ఒక కాలు కుంటి. పిన్నీ బాబాయిల దగ్గర పెరుగుతోంది. యుద్ధం అయిపోతుంది. ఐదుగురూ చనిపోయారని కాగితం వస్తుంది. మతిల్డ్ నమ్మదు. మనెక్ చనిపోయి ఉంటే తనకు తెలిసేది అంటుంది. 1920లో వెతకడం మొదలుపెడుతుంది. ఇక్కణ్ణుంచే అసలు సినిమా.

ప్రేమకథా, యుద్ధం సినిమానా?

రెండూ ఉన్నాయి, కానీ నన్నడిగితే ఇది పరిశోధన సినిమా. ప్రేమికులిద్దరూ కలిసి ఉండే సీన్లు చాలా తక్కువ. ఎక్కువ భాగం మతిల్డ్ ఉత్తరాలు చదువుతూ, పేపర్లో ప్రకటన ఇస్తూ, ప్రైవేట్ డిటెక్టివ్‌ను పెట్టుకుని, సైన్యం ఫైళ్ళు ఎలాగోలా బయటికి లాగుతూ, బతికి బయటపడ్డ సైనికులను ఒక్కొక్కర్నీ కూర్చోబెట్టి అదే రోజు గురించి మళ్ళీ మళ్ళీ అడుగుతూ ఉంటుంది. ఒక్కొక్కరూ ఒక్కో ముక్క చెబుతారు. ఒకరు చూసింది ఇంకొకరు చూసినదానితో కుదరదు. ఏడిపించడం కన్నా లెక్క తేల్చడం మీద ఈ సినిమాకు ధ్యాస ఎక్కువ.

2005లో అమెరికా మిస్టరీ రచయితల సంఘం ఇచ్చే ఎడ్గార్ అవార్డు, సినిమా స్క్రీన్‌ప్లే విభాగంలో దీనికే వచ్చింది. క్రైమ్ కథలు రాసేవాళ్ళు ఒక ప్రేమకథకు అవార్డిచ్చారంటే వాళ్ళకు అందులో ఏం కనిపించిందో ఊహించుకోవచ్చు.

కాబట్టి కర్చీఫ్ కన్నా కాగితం, పెన్ను దగ్గర పెట్టుకోండి. నేను మొదటిసారి చూసినప్పుడు అరగంటకే ఆపి, పాత కరెంటు బిల్లు వెనక పేర్లు రాసుకున్నాను. పక్కన కూర్చున్న మా అమ్మ మాత్రం ఏ పేరూ పట్టించుకోలేదు. పది నిమిషాలకోసారి "ఇంతకీ బతికున్నాడా లేడా?" అన్న ఒక్క ప్రశ్నే. మతిల్డ్ ప్రశ్న కూడా అదే మరి.

ఆ ఐదుగురూ కలిసిపోతున్నారు. ఎవరెవరో ఎలా గుర్తుపట్టాలి?

అందరి ఫిర్యాదూ ఇదే. మొహాల నిండా బురద, తల మీద ఒకే రకం టోపీలు, ఒక్కొక్కరికీ రెండు మూడు పేర్లు. ఊరు, వృత్తి పట్టుకుంటే తేలిక.

బాస్తోష్ పారిస్ వడ్రంగి. సిస్-సూ వెల్డర్, యుద్ధమంటేనే మంట. బెన్వా నోత్ర్-దామ్ దోర్దోన్య్ ప్రాంతం రైతు, మాట తక్కువ మనిషి. ఆంజ్ కోర్సికా వాడు, ఆడవాళ్ళ సంపాదన మీద బతికే రకం, ఐదుగురిలో ఎవరికీ నచ్చడు. ఐదోవాడు మనెక్, తోటివాళ్ళు పెట్టిన పేరు బ్లుయే. అంటే పొలాల్లో పూసే నీలం పువ్వు. కొత్తగా సైన్యంలో చేరిన కుర్రాళ్ళను ఫ్రెంచ్ సైనికులు అలా పిలిచేవాళ్ళు. తర్వాత ఫ్రాన్స్‌లో యుద్ధమృతుల జ్ఞాపకంగా కోటుకు పెట్టుకునే పువ్వు కూడా అదే అయింది.

వీళ్ళు కాక సెలెస్తిన్ పూ అని ఇంకొకడున్నాడు. కందకంలో ఆకలితో ఉన్నవాళ్ళకు ఎక్కణ్ణుంచో తిండి పట్టుకొచ్చే ఘనుడు. అతను కనపడగానే కాస్త నిటారుగా కూర్చోండి, ముఖ్యమైన సాక్షి.

టైటిల్లో 'ఆదివారం' ఉందంటారు, నిజమా?

నిజమే. ఫ్రెంచ్ పేరును మాటకు మాట తెలుగులో పెడితే 'నిశ్చితార్థపు దీర్ఘ ఆదివారం' అని వస్తుంది. ఇంగ్లీషు వాళ్ళు ఆదివారం తీసేసి 'చాలాకాలం సాగిన నిశ్చితార్థం' చేశారు. పేరు సాఫీగా ఉంది కానీ ఒక మెలిక పోయింది. సైనికులను కందకానికి తీసుకొచ్చేది 1917 జనవరి 6, శనివారం. మర్నాడు ఆదివారం. ఆ ఒక్క ఆదివారం ఆ ఐదుగురికీ ఏమైందన్నదే మతిల్డ్ ఏళ్ళ తరబడి తేల్చుకోవాల్సింది. ఆ రోజు ఆమెకు ముగియలేదు.

చెట్టు మీద, గంట మీద 'ఎమ్ ఎమ్ ఎమ్' అని చెక్కుతారే, అదేంటి?

సబ్‌టైటిల్స్‌లో సగం మాయమైపోయే చమత్కారం ఇది. ఫ్రెంచ్‌లో ఎమ్ అక్షరాన్ని పలికేదీ, 'ప్రేమిస్తోంది, ప్రేమిస్తున్నాడు' అనే మాటను పలికేదీ ఒకేలా, 'ఎమ్' అనే. మూడు ఎమ్‌లలో మొదటిది మతిల్డ్, మూడోది మనెక్, మధ్యలోది అక్షరం కాదు, క్రియ. మతిల్డ్ మనెక్‌ను ప్రేమిస్తోంది. తిప్పి చదివినా అంతే: మనెక్ మతిల్డ్‌ను ప్రేమిస్తున్నాడు. చెవికి వినపడితే తప్ప కంటికి తెలియని ప్రేమలేఖ అన్నమాట. ఎవరిదీ కాని నేల మధ్యలో, తలపైకెత్తితే తూటా తగిలే చోట, మనెక్ మోడు చెట్టు మీద ఇదే చెక్కుతూ కూర్చుంటాడు. ఆ పిచ్చి ధైర్యం ఎక్కణ్ణుంచి వచ్చిందో ఈ ముక్క తెలిస్తేనే అర్థమవుతుంది.

మతిల్డ్‌ది ప్రేమా, పిచ్చా? కుక్క గదిలోకి వస్తే బతికున్నట్టు అంటుందేంటి?

భోజనానికి పిలిచేలోపు కుక్క గదిలోకి వస్తే మనెక్ బతికున్నట్టు. కారు మలుపు తిరిగేలోపు తను అక్కడికి చేరుకుంటే తిరిగొస్తాడు. ఇలా తనలో తనే పందేలు కాస్తుంటుంది. కుంటికాలితో రొప్పుతూ మలుపు దాకా పరిగెత్తే సీన్ చూడండి. నవ్వొస్తుంది, గొంతులో ఏదో అడ్డం పడుతుంది కూడా.

పిచ్చి అంటే ఒప్పుకోను. పరీక్ష ఫలితాల రోజు "మొదటి బస్సు మన ఊరిదే అయితే పాసయినట్టే" అనుకోనివాళ్ళెవరు చెప్పండి. చేతిలో ఏమీ లేనప్పుడు మనసు పట్టుకునే చిన్న పుల్ల అది. పైగా మతిల్డ్ పందేలు కాసి ఊరుకోదు. పందెం ఓడినా మర్నాడు రైలెక్కుతుంది. జాలి పనికొస్తుందనుకుంటే నాటకమూ ఆడుతుంది. లాయర్ దగ్గరికి చక్రాల కుర్చీలో వెళ్ళేది అందుకే.

ఇంట్లో వాతావరణం మాత్రం హాయిగా ఉంటుంది. బాబాయ్ కొత్తగా కంకర పోసిన వాకిట్లో పోస్ట్‌మ్యాన్ ప్రతిసారీ సైకిల్ జర్రున జారించి ఆపుతాడు, బాబాయ్ ప్రతిసారీ తిట్టుకుంటూ కంకర సర్దుతాడు. కుక్క పేరు శనగగింజ. అది గాలి వదిలితే ఇంటికి శుభమని పిన్ని నమ్మకం. సినిమా ఇంత విషాదం మోస్తూ కూడా బరువనిపించకపోవడానికి ఈ ఇల్లే కారణం.

మతిల్డ్ ట్యూబా (పెద్ద ఇత్తడి బూర) ఎందుకు వాయిస్తుంది?

ఆపదలో అరిచే అరుపులా మోగేది ఆ ఒక్క వాయిద్యమే అని ఆమె లెక్క. తీరంలో ఒంటరిగా కూర్చుని ఊదుతుంటే పొగమంచులో దారితప్పిన ఓడ కూతలా ఉంటుంది. అంతకుమించి వివరణ అక్కర్లేదు.

చేతికి కాల్చుకుంటే మరణశిక్షా? ఇదంతా కల్పనే కదా?

కందకం పేరు, ఐదుగురి పేర్లు కల్పితం. శిక్షలు కాదు.

మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రెంచ్ సైన్యం 600 మందికి పైగా తన సైనికులనే ఆజ్ఞ ధిక్కరణ, పారిపోవడం, తమకు తామే గాయం చేసుకోవడం వంటి నేరాల మీద కాల్చి చంపింది. ఎక్కువ శాతం యుద్ధం మొదలైన ఏడాది, ఏడాదిన్నర లోపే. మిగతావాళ్ళకు బుద్ధి రావాలని చేసిన పని కాబట్టి ఫ్రెంచ్‌లో వీళ్ళను 'ఉదాహరణ కోసం కాల్చినవాళ్ళు' అంటారు. చేతికి గాయం చేసుకోవడం చట్టం దృష్టిలో శత్రువు ఎదుట పోస్టు వదిలి పారిపోవడంతో సమానం. తూటా గాయం చుట్టూ మందుగుండు మరక ఉందా లేదా అని డాక్టర్ చూసి రాసే నాలుగు ముక్కల మీద ప్రాణం ఆధారపడేది. విచారణ ఒక్కోసారి ఒక పూటలో తేలిపోయేది.

మరి కంచె అవతలికి తోసేయడం? పేతాన్ అనే జనరల్ దగ్గర పనిచేసిన సెరిన్యీ అనే అధికారి తన జ్ఞాపకాల్లో రాసుకున్నాడు. చేతికి గాయాలు చేసుకున్న పాతికమంది సైనికులను కాల్చే బదులు, కట్టేసి శత్రువుకు దగ్గరగా కందకం అవతల పడేయమని 1915లో ఆదేశం వచ్చిందట. పేతాన్ ఆ తర్వాత వెర్దన్ యుద్ధంలో విజేతగా, ఇంకా తర్వాత రెండో ప్రపంచ యుద్ధంలో హిట్లర్‌తో చేతులు కలిపిన ప్రభుత్వాధినేతగా చరిత్రకెక్కాడు.

ఇంకో చిన్న వివరం. ఆరుగురు పిల్లల తండ్రిని ముందువరుస నుంచి వెనక్కి పంపే నిబంధన అప్పట్లో ఉండేది. సినిమాలో ఒక కుటుంబం కథంతా ఆ 'ఆరు' అనే అంకె చుట్టూ తిరుగుతుంది. రచయిత కల్పించినట్టుండే విషయాలే ఇందులో ఎక్కువగా నిజాలు.

ఆడవాళ్ళు నిజంగా ఇలా ఏళ్ళ తరబడి పోరాడారా?

బ్లాన్ష్ మోపా కథ ఇక్కడ చెప్పాల్సిందే. నార్మండీ ప్రాంతంలో స్కూల్ టీచర్. భర్త తెయోఫిల్ కూడా టీచరే, సైన్యంలో కార్పొరల్. 1915 మార్చిలో సూయెన్ అనే ఊరి దగ్గర, అలసిపోయిన ఒక సైనిక దళం (కంపెనీ అంటారు) కందకం దాటి దాడికి వెళ్ళలేకపోయింది. శిక్షగా ఆ కంపెనీ నుంచి నలుగురు కార్పొరల్స్‌ను మార్చి 17న కాల్చి చంపారు. వాళ్ళలో తెయోఫిల్ ఒకడు.

బ్లాన్ష్ ఊరుకోలేదు. ఉత్తరాలు రాసింది, సాక్షులను వెతికింది, మానవ హక్కుల సంఘాన్ని కదిలించింది, ఊరూరా తిరిగి మాట్లాడింది. కోర్టులు తిప్పి పంపుతూనే ఉన్నాయి. 1934లో ప్రత్యేక కోర్టు ఆ నలుగురూ నిర్దోషులని ప్రకటించింది. దాదాపు 19 ఏళ్ళు పట్టింది. నష్టపరిహారం ఎంతో తెలుసా? నామమాత్రంగా ఒక ఫ్రాంక్.

మతిల్డ్ వెతికేది మనిషిని, బ్లాన్ష్ వెతికింది న్యాయాన్ని. అయితే గుమాస్తాల ముందు నిలబడడం, "మళ్ళీ రండి" అనిపించుకోవడం, ఇంటికెళ్ళి ఇంకో ఉత్తరం రాయడం ఇద్దరికీ ఒకటే.

మన సైనికులు కూడా ఆ యుద్ధంలో ఉన్నారు కదా, సినిమాలో కనిపిస్తారా?

కనిపించరు. కథ పూర్తిగా ఫ్రెంచ్ కందకాలది. కానీ అదే సోమ్‌లో, ఈ కథాకాలానికి ఆరు నెలల ముందు, 1916 జూలై 14న హై వుడ్ అనే అడవి దగ్గర గుర్రాల మీద దాడిచేసిన దళం పేరు సికింద్రాబాద్ బ్రిగేడ్. అందులో నిజాం కాలపు హైదరాబాద్ కంటింజెంట్ అనే సైన్యం నుంచి పుట్టిన దక్కన్ హార్స్ రెజిమెంట్ ఉంది. మెషిన్‌గన్ల కాలంలో ఈటెలు పట్టుకుని గోధుమ చేలలో గుర్రాలు దౌడు తీయించారు. ఫ్రాన్స్‌లోని నవ్-షాపెల్ స్మారకం మీద, సమాధి కూడా దొరకని 4,700 మందికి పైగా భారతీయుల పేర్లు ఉన్నాయి. వాళ్ళ కోసం ఎదురుచూసిన మతిల్డ్‌లు ఏ ఊళ్ళలో ఉండేవాళ్ళో.

సినిమా అంతా పసుపు రంగులో ఎందుకు? మా టీవీ పాడైందా?

టీవీ బాగానే ఉంది. కెమెరామన్ బ్రూనో దెల్బొనెల్ చేసిన పని అది. ఊరు, పారిస్, ప్రేమ ఉన్న చోటల్లా తేనె రంగు, పాత ఫోటోలా. కందకాల్లో రంగు పీల్చేసినట్టు బూడిద, మట్టి, నీలి చలి. ఒక సీన్ నుంచి ఇంకో సీన్‌కు వెళ్ళగానే ఎక్కడున్నామో మాట లేకుండానే తెలుస్తుంది. పాత పారిస్‌ను, ఇప్పుడు మ్యూజియంగా మారిన ఓర్సే రైల్వే స్టేషన్ రద్దీని, లే హాల్ కూరగాయల మార్కెట్‌ను సెట్లతోనూ కంప్యూటర్ సాయంతోనూ మళ్ళీ లేపారు. సెట్లు ఆలీన్ బొనేతోవి. ఈ రెండు విభాగాల్లోనూ ఆస్కార్ నామినేషన్లు వచ్చాయి.

నాకు ఒక్కచోట మాత్రం అతి అనిపించింది. అంత అందంగా వెలుగుపడ్డ గోధుమ చేలు చూస్తుంటే అక్కడక్కడా క్యాలెండర్ గుర్తొస్తుంది. కందకాల్లో ఆ సమస్య లేదు. అక్కడ తడిసిన ఓవర్‌కోటు బరువు మన భుజం మీద పడుతుంది.

సంగీతం ఆంజెలో బదలమెంటిది. నెమ్మదిగా కప్పేసే తీగవాయిద్యాలు. 'అమేలీ' అకార్డియన్ వినపడుతుందని ఆశపడితే దొరకదు.

అందులో ఉన్నది హాలీవుడ్ జోడీ ఫోస్టరేనా? డబ్బింగ్ చెప్పించారా?

ఆమే. గొంతు కూడా ఆమెదే. లాస్ ఏంజెలెస్‌లో ఫ్రెంచ్ స్కూల్లో చదివింది, ఫ్రెంచ్ ధారాళంగా మాట్లాడుతుంది. పాత్ర చిన్నదే, మార్కెట్ వీధిలో పిల్లలతో బతుకీడ్చే సైనికుడి భార్య. స్టార్ అన్న హడావుడి ఏమీ లేదు.

ఆంజ్ ప్రియురాలు టీనా లోంబార్దీగా చేసిన అమ్మాయిని కూడా గమనించండి. మారియోన్ కోతియార్. ఈ పాత్రకు ఫ్రాన్స్‌లో ఆస్కార్ లాంటి సెజార్ అవార్డు వచ్చింది, 2008లో ఇంకో సినిమాకు ఉత్తమ నటిగా ఆస్కార్ అందుకుంది. మనెక్‌గా చేసిన గాస్పార్ ఉలియెల్‌కు కూడా ఈ సినిమాకే కొత్త నటుడి సెజార్. 2022 జనవరిలో స్కీయింగ్ ప్రమాదంలో పోయాడు, 37 ఏళ్ళకే. ఆ వార్త తర్వాత లైట్‌హౌస్ సీన్ మళ్ళీ చూడడం కష్టమైంది.

ఇంత పేరొచ్చింది కదా, ఆస్కార్‌కు ఫ్రాన్స్ దీన్ని ఎందుకు పంపలేదు?

ఫ్రాన్స్ ఆ ఏడాది 'లే కోరిస్త్' అనే స్కూల్ గాయకబృందం సినిమాను పంపింది. దీని చుట్టూ మాత్రం వేరే తగాదా నడిచింది. నిర్మాణ సంస్థలో 32 శాతం వాటా వార్నర్ బ్రదర్స్‌ది, మిగతాది చాలావరకు ఆ కంపెనీ ఫ్రెంచ్ శాఖ అధికారులది. ఫ్రెంచ్ నిర్మాతల సంఘాలు కోర్టుకెక్కాయి. ఇది ముసుగేసుకున్న అమెరికన్ కంపెనీ, ఫ్రెంచ్ సినిమాలకిచ్చే ప్రభుత్వ సాయం దీనికి చెల్లదని 2004 నవంబరులో కోర్టు తేల్చింది. కథ ఫ్రెంచ్, భాష ఫ్రెంచ్, లొకేషన్లు ఫ్రెంచ్, నటులు, టెక్నీషియన్లు దాదాపు అందరూ ఫ్రెంచ్. డబ్బు జేబు ఒక్కటే అమెరికాది! సెజార్ వాళ్ళు మాత్రం పట్టించుకోలేదు. 12 నామినేషన్లు, 5 అవార్డులు ఇచ్చారు.

నవలకూ సినిమాకూ తేడా ఏంటి?

నవలలో మతిల్డ్ నడవలేదు, చక్రాల కుర్చీలోనే ఉంటుంది. ఇల్లు కూడా నైరుతి ఫ్రాన్స్ తీరంలో. జునే ఆమెను కుంటి నడకతో నడిపించి, ఇల్లు బ్రిటనీకి మార్చాడు. సినిమాకు ఇది మేలే చేసింది. మలుపు దాకా పరుగు అలాగే పుట్టింది. జాప్రిసో 2003లో పోయాడు, తెర మీద చూసుకోలేదు.

పిల్లలతో చూడొచ్చా? తెలుగులో ఉందా?

చిన్నపిల్లలతో వద్దు. అవయవాలు తెగిపడే సీన్లున్నాయి, నగ్నత్వం ఉంది. అమెరికాలో ఆర్ రేటింగ్ ఇచ్చారు. కాలేజీ వయసువాళ్ళతో నిక్షేపంగా చూడొచ్చు.

నేను చూసింది ఫ్రెంచ్‌లోనే, ఇంగ్లీష్ సబ్‌టైటిల్స్‌తో. అలాగే చూడమంటాను. ఫోన్ చూస్తూ చూసే సినిమా కాదు, రెండు లైన్లు మిస్సయితే ఎవరు చచ్చారో ఎవరు బతికారో అంతా తారుమారు.

―――― ఇక్కణ్ణుంచి సినిమా చూసినవాళ్ళకే ――――

బూట్లు, ఎర్ర గ్లౌవ్, మెడలో బిళ్ళలు… చివరకు ఎవరు ఎవరు?

ఈ కథలో మనిషిని గుర్తుపట్టేది మొహంతో కాదు, ఒంటి మీది వస్తువులతో. ఫలానా శవం కాళ్ళకు జర్మన్ బూట్లున్నాయి కాబట్టి ఫలానావాడే అని సైన్యం రాసేసుకుంది. మతిల్డ్ అడిగేది ఒక్కటే, బూట్లు మార్చుకోకూడదా? మార్చుకున్నారు. సైనికుడి పేరుండే గుర్తింపు బిళ్ళలు కూడా మారాయి. రైతు నోత్ర్-దామ్ వేరేవాడి పేరు తగిలించుకుని బయటపడ్డాడు, పోతూ పోతూ స్పృహలేని కుర్రాణ్ణి కూడా మోసుకెళ్ళాడు. ఆ కుర్రాడి మెడలో చచ్చినవాడి బిళ్ళ. అందుకే ఫైళ్ళలో మనెక్ చనిపోయాడు, వేరే పేరుతో ఇంకెక్కడో బతికున్నాడు.

మొదటిసారి ఇది అర్థం కాకపోతే సిగ్గుపడకండి. నాకు కరెంటు బిల్లు వెనక భాగం సరిపోలేదు.

టీనా చేసింది తప్పు కాదా? సినిమా ఆమెను ఎందుకంత ఇష్టపడుతుంది?

ఆంజ్ చావుకు కారణమైన వాళ్ళను ఒక్కొక్కర్నీ వెతికి చంపుతుంది, చివరికి గిలటిన్ (తల నరికే యంత్రం) ఎక్కుతుంది. తప్పే. కానీ గమనించండి, టీనా, మతిల్డ్ ఒకే రూట్లో ప్రయాణిస్తున్న ఇద్దరు పాసింజర్లు. అవే కాగితాలు, అవే సాక్షులు, అవే ప్రశ్నలు. చాలాచోట్ల మతిల్డ్ చేరేసరికి టీనా అప్పటికే వచ్చి వెళ్ళింది. తేడా అంతా, ఆంజ్ పోయాడని టీనాకు ఖాయంగా తెలియడంలో ఉంది. మనెక్ పోయాడని అంత ఖాయంగా తెలిసి ఉంటే మతిల్డ్ ఏం చేసేదో నేను చెప్పలేను. జైల్లో ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నప్పుడు ఆ అనుమానమే ఆ గదిలో ఉంటుంది.

అధ్యక్షుడు ప్వాంకారే సంతకం చేసిన క్షమాభిక్షను కమాండెంట్ తొక్కిపెట్టాడని తెలిశాక టీనా మీద కోపం ఎవరికైనా సగానికి పడిపోతుంది.

జ్ఞాపకం పోవడం… అది సినిమా ట్రిక్ కాదా?

మన సినిమాల్లో తలకు దెబ్బ తగిలి గతం మర్చిపోవడం, ఇంకో దెబ్బకు గుర్తుకురావడం చూసి చూసి మనకు నవ్వొస్తుంది. న్యాయమే. కానీ ఫ్రాన్స్‌లో ఆ యుద్ధం తర్వాత ఇది ట్రిక్ కాదు, పేపర్లో రోజూ వచ్చే వార్త.

1918 ఫిబ్రవరి 1న జర్మనీ నుంచి తిరిగొచ్చిన యుద్ధఖైదీల గుంపులో ఒక సైనికుడు లియోన్ నగరపు స్టేషన్లో దొరికాడు. పేరు తెలియదు, ఊరు తెలియదు. అడిగితే గొణిగిన మాట 'మాంజెన్'లా వినపడింది కాబట్టి ఆన్తెల్మ్ మాంజెన్ అని రాసుకున్నారు. ఫోటో పేపర్లలో వేశారు. వందల కుటుంబాలు "మావాడే" అంటూ ముందుకొచ్చాయి. తల్లులు, భార్యలు. మొహంలో పోలికలు చూసుకున్నారు, కోర్టుల దాకా వెళ్ళారు. ఆచూకీ తెలియని కొడుకులు, భర్తలు లక్షల్లో ఉన్న దేశంలో బతికున్న ఒక్క అనామకుడు అందరివాడూ అయ్యాడు.

చివరకు అతను ఆక్తావ్ మొంజ్వన్ అని తేలింది. ఎలాగో తెలుసా? అనుమానమున్న ఊరికి తీసుకెళ్ళి రైల్వే స్టేషన్లో వదిలి, వెనక నడిచారు. ఎవరూ దారి చెప్పకుండానే తండ్రి ఇంటికి నడుచుకుంటూ వెళ్ళిపోయాడు. మధ్యలో ఆగి చర్చి గోపురం రూపు మారిందని గమనించాడు, పిడుగు పడి మారిందది నిజంగానే. కాళ్ళకు దారి గుర్తుంది, మనిషికి తన పేరు గుర్తులేదు. కోర్టు తీర్పు వచ్చేనాటికి తీసుకెళ్ళడానికి ఇంట్లోవాళ్ళు మిగల్లేదు. 1942లో పారిస్‌లో మానసిక వైద్యశాలలో పోయాడు.

ఇది తెలిశాక చివరి సీన్లో మనెక్ వేరే పేరుతో, వేరే తల్లి ఇంట్లో ఉండడం నాకు సౌకర్యంగా అల్లిన ముడిలా అనిపించలేదు. తన కొడుకు కాదని తెలిసి కూడా ఆ ముసలమ్మ అతణ్ణి ఎందుకు ఉంచుకుందో కూడా అర్థమైంది.

అంత వెతికి, దొరికాక మతిల్డ్ ఏమీ చెప్పదేం? వాటేసుకోదు, ఏడవదు?

ఎక్కువమంది కోపంగా అడిగేది ఇదే. అతను తోటలో కూర్చుని పని చేసుకుంటుంటాడు. కుంటుతూ వస్తున్న అమ్మాయిని చూసి, నడిస్తే నొప్పి పుడుతుందా అని అడుగుతాడు. చిన్నప్పుడు మొట్టమొదటిసారి కలిసినప్పుడు అడిగిన ప్రశ్నే. జ్ఞాపకం పోయింది కానీ కుతూహలం పోలేదు, దయ పోలేదు. అది వినగానే ఆమెకు కావాల్సింది దొరికింది. "నేను నీ మతిల్డ్‌ను" అని చెబితే అతనికి అదొక అప్పులా అవుతుంది. అందుకే కుర్చీలో వెనక్కి వాలి, చేతులు ఒళ్ళో పెట్టుకుని, అతణ్ణి చూస్తూ కూర్చుంటుంది.

మా అమ్మ మాత్రం ఒప్పుకోలేదు. "ఇంత తిరిగి పేరైనా చెప్పదేంటే" అని రెండు రోజులు సణిగింది. మూడో రోజు, కూర తరుగుతూ, "పోన్లే, రేపు చెబుతుందిలే" అంది.

రెండోసారి చూస్తే ఏం చూడాలి?

చేతులు. మొదటిసారి మొహాల వెంట పడతాం. మనెక్ కుడిచేతిలో సిగరెట్ వెలిగించి కందకం పైకి ఎత్తిన చేయి, జర్మన్ తూటా కోసం. గాయమైన ఆ అరచెయ్యి నొప్పితో కొట్టుకున్నప్పుడల్లా అతనికి మతిల్డ్ గుండె చప్పుడు తెలుస్తుంది, ఒక రాత్రి ఆమె గుండె మీద చేయి పెట్టుకుని నిద్రపోయాడు కాబట్టి. ఐదుగురి చేతులకూ ఐదు కట్లు, ఒక్కో కట్టు వెనక ఒక్కో కథ. ట్యూబా మీటల మీద, ఉత్తరాల మడతల మీద మతిల్డ్ వేళ్ళు. ఇవన్నీ చూస్తూ చివరి సీన్‌కు వచ్చి, అతను పని చేసుకుంటున్న చేతుల వైపు చూడండి.